అగ్నిపర్వతం పక్కన తొలి బోరు: ఆవిరి ఉందో లేదో తెలియకుండానే తవ్వనివ్వాలా?

మధుకర్ (చర్చ ప్రారంభం)

మొన్న సౌర విద్యుత్తు మీద చర్చ జరుగుతుంటే పద్మజ గారు మధ్యలో ఒక మాట అన్నారు. "అగ్నిపర్వతాల దగ్గర జియోథర్మల్ (భూమి లోపలి వేడితో తీసే కరెంటు) కోసం బోర్లు వేయడం నిద్రపోయే పామును పుల్లతో పొడవడమే. లోపల ఏముందో వాళ్లకే తెలియదు. తెలుసుకోవడానికే తవ్వుతామంటారు. ఆ తొలి దశకే అనుమతి ఇవ్వకూడదు." అక్కడ మాట్లాడితే అసలు విషయం పక్కదారి పడుతుందని విడిగా మొదలుపెడుతున్నాను. నా వాదన దీనికి పూర్తిగా ఎదురు. తవ్వనివ్వాలి.

ముందు తొలి దశ అంటే ఏమిటో చెప్తాను. జియోథర్మల్ కరెంటుకు మూడూ ఒకేచోట కలవాలి: వేడి రాయి, అందులో నీళ్లు, ఆ నీళ్లు కదలడానికి పగుళ్లు. వేడి ఉందని వేడినీటి బుగ్గలను బట్టి ఊహించవచ్చు. బుగ్గ నీటిలో ఎంత సిలికా కరిగిందో కొలిస్తే ఆ నీళ్లు లోపల ఎంత వేడిలో ఉండి వచ్చాయో లెక్క కడతారు. విద్యుత్ అయస్కాంత సర్వేలతో కింద బంకమట్టి పొర ఎక్కడ పరుచుకుందో చూస్తారు. కానీ పగుళ్లు ఉన్నాయో లేదో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే రెండు మూడు పరిశోధక బావులు తవ్వుతారు.

2013లో ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ 14 దేశాల్లోని 2,600కు పైగా బావుల లెక్క తీసింది. పరిశోధన దశలో తవ్వినవాటిలో 59 శాతం పనికొచ్చాయి. ప్లాంటు నడుస్తున్న చోట తవ్వితే అది 83 శాతం. అంటే మొదట్లో అయిదు బోర్లు వేస్తే రెండు ఫెయిలవుతాయి. అది నేను దాచను.

అయినా ఎందుకు తవ్వాలంటున్నానంటే, ఎండ పోయాక, గాలి పడిపోయాక కూడా ఆగకుండా నడిచే కరెంటు ఇది. కెన్యానే చూడండి. ఒల్కారియాలో 1950ల్లో వేసిన మొదటి రెండు బోర్లు ఆవిరి ఇవ్వలేదు. అక్కడితో వదిలేసి ఉంటే కథ అయిపోయేది. 1970ల్లో మళ్లీ తవ్వారు, 1981లో 15 మెగావాట్లతో మొదలైంది. ఇప్పుడు ఆ దేశపు కరెంటులో 40 శాతానికి పైగా భూమి వేడి నుంచే వస్తోంది. ఇదంతా తొలి ఓటమిని భరించి మళ్లీ తవ్వబట్టే వచ్చింది.

పద్మజ

మధుకర్ గారూ, నా మాటను దాచకుండా ఉన్నదున్నట్టు పెట్టినందుకు సంతోషం. దాని మీదే నిలబడతాను.

ఒల్కారియా గురించి సగమే చెప్పారు. అదే ఒల్కారియాలో నాలుగో ప్లాంటు కోసం 2014లో మాసాయి తెగ పల్లెలను ఖాళీ చేయించి వేరేచోటికి తరలించారు. వాళ్లు ప్రపంచ బ్యాంకు తనిఖీ ప్యానెల్‌కు ఫిర్యాదు చేస్తే, బ్యాంకు తన నియమాలను తానే సరిగ్గా పాటించలేదని ఆ ప్యానెల్ తేల్చింది. పశువులు మేపుకునే నేల పోయాక వచ్చిన తీర్పు అది.

తొలి దశ గురించే మాట్లాడదామన్నారు కాబట్టి జపాన్ సంగతి చెప్తాను. 2023 జూన్ 29న హొక్కైడోలోని రంకోషి అనే ఊరి దగ్గర పరిశోధక బోరు తవ్వుతుంటే ఉన్నట్టుండి తెల్లటి ఆవిరి పదుల మీటర్ల ఎత్తున ఎగజిమ్మింది. అప్పటికి వాళ్లు తవ్వింది దాదాపు 200 మీటర్లే. దానితో పాటు వచ్చిన నీళ్లలో ఆర్సెనిక్ తాగునీటి పరిమితికి వెయ్యి రెట్లకు పైగా ఉంది. చుట్టుపక్కల కొందరికి ఒంట్లో బాగాలేకుండా పోయింది. దాన్ని ఆపడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. జాగ్రత్తకు పేరుపడ్డ దేశంలోనే ఇలా అయితే, నియమాలు కాగితం మీదే ఉండే చోట ఏమవుతుంది?

ఇండోనేషియాలో సోరిక్ మరాపి దగ్గర 2021 జనవరిలో బావి తెరిచినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు వెలువడి అయిదుగురు ఊరి జనం చనిపోయారు. వాళ్లు ఆ కరెంటు అడగలేదు.

ఇక పినటుబో. ఫిలిప్పీన్స్‌లో ఆ కొండ మీద 1988 నుంచి 1990 దాకా జియోథర్మల్ బోర్లు వేశారు. 1991 జూన్‌లో అది పేలింది. ఆ కొండ మీద తరతరాలుగా ఉన్న 'ఏటా' అనే ఆదివాసీ జనం, బోర్లు వేయడం వల్లే తమ దేవుడు అపో నమల్యారికి కోపం వచ్చిందన్నారు. నవ్వి పక్కన పెట్టేసే మాట కాదది.

రాతిపొర

నేను ఈ రంగంలోనే పని చేస్తున్నాను. భూభౌతిక సర్వేలు నా పని. రెండు పక్కల వాళ్లూ కొన్ని విషయాలు కలిపేస్తున్నారు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

పినటుబోతో మొదలుపెడతాను. అక్కడ మూడు బావులు తవ్వారు. ఏదీ మూడు కిలోమీటర్ల లోతు దాటలేదు. లోపల వేడి బాగానే ఉంది కానీ పగుళ్లు తక్కువ, వచ్చిన ద్రవాలు ఆమ్లంతో నిండి ఇనుమును తినేసేలా ఉన్నాయి. అందుకే వదిలేశారు. పేలుడుకు కారణమైన మాగ్మా (కరిగిన రాయి) నిల్వ ఉన్నది ఆరు కిలోమీటర్ల కంటే కింద. ఇంకా లోతు నుంచి కొత్తగా వేడి బసాల్ట్ మాగ్మా వచ్చి ఆ నిల్వలో కలవడమే పేలుడును లేపిందని బూడిదను పరీక్షించిన శాస్త్రవేత్తలు చెప్పారు. ఘన కిలోమీటర్ల కొద్దీ మాగ్మాను జానెడు వెడల్పు బెజ్జం కదిలించలేదు.

ఇది ఊహ కూడా కాదు. బోర్లు నిజంగానే మాగ్మాలోకి దిగిన సందర్భాలు ఉన్నాయి. హవాయిలోని పునాలో 2005లో దాదాపు రెండున్నర కిలోమీటర్ల లోతులో తగిలింది. ఐస్‌లాండ్‌లోని క్రాఫ్లాలో 2009లో నాలుగున్నర కిలోమీటర్లు పోదామని మొదలుపెడితే 2.1 కిలోమీటర్ల దగ్గరే 900 డిగ్రీల మాగ్మా ఎదురైంది. డ్రిల్ పైపు ఇరుక్కుపోయింది, పైకి గాజు ముక్కలు వచ్చాయి. డ్రిల్లింగ్ కోసం పంపుతున్న చన్నీళ్లకు మాగ్మా అక్కడికక్కడే గడ్డకట్టి గాజైంది. కొండ పేలలేదు. కెన్యాలోని మెనెంగాయిలో కూడా ఇలాగే గాజు వచ్చింది.

బోరు కొండను లేపిన ఉదాహరణ లేదు, కొండ బోరులోకి వచ్చిన ఉదాహరణ మాత్రం ఉంది. క్రాఫ్లా ప్రాంతంలో 1975 నుంచి 1984 దాకా విస్ఫోటాలు సాగాయి. ఆ రోజుల్లోనే, 1977 సెప్టెంబరులో, మాగ్మా పక్కనున్న నామాఫ్యాల్ క్షేత్రంలోని ఒక బావిని అడ్డదారిగా దొరకబుచ్చుకుని కొద్దిపాటి లావా తునకలను పైకి ఊసింది. కాబట్టి చురుగ్గా ఉన్న కొండ దగ్గర ప్రమాదం బావికి, బావి దగ్గర పనిచేసేవాళ్లకు. 2018లో హవాయిలోని కిలవేయా అగ్నిపర్వతం లావా పునా ప్లాంటు ఆవరణలోకి వచ్చి బావులను కప్పేసినప్పుడు కూడా జరిగింది అదే.

సోరిక్ మరాపి ఘటన ఘోరం. కానీ అది పరిశోధక దశలో జరిగింది కాదు, ప్లాంటు ప్రారంభించే ముందు బావి తెరిచినప్పటిది. రంకోషి మాత్రం అచ్చంగా తొలి దశదే. పద్మజ గారు అక్కడ సరైన చోట వేలు పెట్టారు.

ఇప్పుడు మధుకర్ గారికి. సర్వేలతో వేడి సంగతి తేలిపోతుందన్నట్టు రాశారు. అదీ పూర్తిగా నిజం కాదండీ. సర్వేలో కనిపించే బంకమట్టి పొర, వేడినీళ్లు రాయిని మార్చడం వల్ల ఏర్పడుతుంది. కానీ ఆ వేడి వేల ఏళ్ల కిందట చల్లారిపోయినా బంకమట్టి అలాగే ఉంటుంది. ఇంట్లో మనిషి వెళ్లిపోయినా గోడ మీద ఫోటో ఉన్నట్టు. పాత వేడిని కొత్త వేడి అనుకుని తవ్వినవాళ్లు ఉన్నారు. నేనూ ఒకచోట అలా పొరబడ్డాను. మ్యాపులో గుమ్మటంలా పైకి లేచిన పొర చూసి, దాని నెత్తి మీదే బోరు పెట్టమని రాసిన వాళ్లలో నేనొకణ్ణి. కిందికి పోయేకొద్దీ వేడి పెరగాల్సింది పోయి ఒక లోతు తర్వాత తగ్గుతూ వచ్చింది. పక్క నుంచి వచ్చే వేడినీళ్లు పైపొరలోంచి పారుతున్నాయి, అసలు ఉష్ణం వేరేచోట ఉంది. ఆ బోరు వేయకుండా ఈ సంగతి తెలిసే దారి లేదు.

పద్మజ

రాతిపొర గారూ, పినటుబో గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. పాము పోలిక వెనక్కి తీసుకుంటున్నాను. కొండ పేలుతుందన్నది ఇక నా వాదన కాదు.

అయితే ఏటా జనం విషయంలో నాకు ముఖ్యమైంది వేరే ఉంది. వాళ్ల కొండ మీద ఎవరో వచ్చి రాత్రింబవళ్లు తవ్వుతుంటే, ఎందుకు తవ్వుతున్నారో, ఏమి బయటపడిందో వాళ్లకు అర్థమయ్యేలా కూర్చోబెట్టి చెప్పినవాళ్లు ఉంటే ఆ నింద పుట్టేదా? చెప్పేవాళ్లు లేనప్పుడు, రెండేళ్లలోపే కొండ పేలితే, మనిషన్నవాడికి ఇంకేం తోస్తుంది?

నా అసలు భయం నీళ్లు. న్యూజిలాండ్‌లోని వైరాకేలో 1958లో ప్లాంటు మొదలయ్యాక, అక్కడి గీజర్ లోయలో ఎగజిమ్మే బుగ్గలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. నేల కుంగింది, ఒకచోట దాదాపు 15 మీటర్లు. జపాన్‌లో వేడినీటి బుగ్గల యజమానులు దశాబ్దాలుగా జియోథర్మల్‌కు అడ్డు చెప్తున్నది ఇందుకే. ప్రపంచంలో మూడో స్థానంలో ఉండేంత భూమివేడి పెట్టుకుని ఆ దేశం వాడుతున్నది అందులో కొద్దిగానే. బుగ్గ మీద బతికేవాడికి అది పోతే ఏ లెక్కా తిరిగి తెచ్చివ్వదు.

రాతిపొర

వైరాకేలో దశాబ్దాల పాటు తోడిన నీళ్లను తిరిగి భూమిలోకి పంపలేదు. నేల కుంగింది అందుకే. ఒకటి రెండు పరిశోధక బావులను కొన్ని వారాలు పరీక్షించినంత మాత్రాన అలా జరగదు.

పద్మజ

అది నాకు తెలుసండీ. పరిశోధక బావి ఒక్కటే అయితే నేనూ ఇంత పట్టుబట్టను. ఒక్కో లోతైన బావికి 50 లక్షల నుంచి కోటి డాలర్ల దాకా అవుతుందంటారు. రోడ్డు, ప్యాడ్ (రిగ్గు నిలిపే చదును చేసిన నేల), నీటి పైపులైను, మూడు బావులు అన్నీ అయ్యాక, ఆవిరి పడ్డాక, "ఊళ్లో వాళ్లు వద్దంటున్నారు, ఆపేద్దాం" అని ఏ కంపెనీ అంటుంది? ఏ ప్రభుత్వం అంటుంది? పరిశోధన అని పేరు పెట్టి అడిగే అనుమతి నిజానికి ప్లాంటుకు అడిగే అనుమతే. వద్దనగలిగే సమయం తొలి బోరుకు ముందే ఉంటుంది. ఆ తర్వాత ఉండదు. అందుకే నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

రిగ్ శీను

అందరికీ నమస్కారం. ఏడేళ్లు చమురు రిగ్గుల (బోరు తవ్వే యంత్రాల) మీద, తర్వాత అయిదేళ్లు జియోథర్మల్ రిగ్గుల మీద చేశాను. ఇక్కడ చెప్పేవన్నీ కాగితం మీది విషయాలు కాబట్టి, బోరు దగ్గర ఎలా ఉంటుందో చెప్పాలనిపించింది.

బోరు తవ్వేటప్పుడు మడ్ (బంకమట్టి కలిపిన నీళ్లు) లోపలికి పంపుతాం, అది రాతి పొడిని మోసుకుని పైకి వచ్చి జల్లెడ మీద పడుతుంది. పడేటప్పుడు ఒక చప్పుడు ఉంటుంది. పన్నెండు గంటల షిఫ్టులో ఆ చప్పుడు చెవిలో ఉండిపోతుంది. ఒకరాత్రి అది ఆగిపోయింది. పంపు నడుస్తోంది, మడ్ పోతోంది, పైకి చుక్క రావడం లేదు. చమురు బావిలో అలా అయితే గుండె జారుతుంది. ఇక్కడ జియాలజిస్టు అమ్మాయి క్యాబిన్‌లోంచి పరిగెత్తుకొచ్చింది, మొహం వెలిగిపోతోంది. మడ్ తాగేస్తోందంటే కింద పగులు ఉంది, పగులు ఉందంటే ఆవిరికి దారి ఉంది. అంతకు రెండు రోజుల ముందు నుంచే రాతిపొడిలో ఎపిడోట్ కనిపిస్తోంది. పచ్చటి చిన్న స్ఫటికాలు, లెన్సు పెట్టి చూస్తే గాజు పెంకుల్లా ఉంటాయి. అది కనపడిందంటే అక్కడ 240 డిగ్రీల పైన వేడి ఉంది, లేదా ఒకప్పుడు ఉండేది.

మడ్ పోతున్నప్పుడు డ్రిల్లింగ్ ఆపకూడదంటే ఉత్త నీళ్లు పంపుతూ ఉండాలి, నిమిషానికి వేల లీటర్లు. పద్మజ అక్కా, మీ నీళ్ల భయంలో ఇది కూడా కలుపుకోండి, ఎవరూ చెప్పరు. కింద నుంచి ఏమి వస్తుందన్నదే అందరూ అడుగుతారు. పైనుంచి ఎన్ని నీళ్లు పోస్తున్నారు, ఏ వాగులోంచి తెస్తున్నారు, ఆ వాగు ఎండాకాలం కూడా తట్టుకుంటుందా అని అడిగినవాళ్లు నాకు తగల్లేదు.

రంకోషి లాంటిది ఎలా జరుగుతుందో కూడా చెప్తాను. 200 మీటర్లే కదా అనుకుంటారు. ఆ లోతులో నీటి బరువు వల్ల నీళ్లు 200 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండగలవు. బోరు దాన్ని తాకి ఒత్తిడి తగ్గిందో, ఒక్కసారిగా ఆవిరైపోతుంది. ఆవిరైన నీళ్లు పైకి తన్నుకుపోతే కింద ఒత్తిడి ఇంకా తగ్గుతుంది, ఇంకొన్ని నీళ్లు మరుగుతాయి. అలా తనను తానే ఎగదోసుకుంటుంది. చన్నీళ్లు కొట్టి చల్లార్చడమే మందు. అందుకే పైపొరలోనే కేసింగ్ (ఇనుప గొట్టం) దింపి సిమెంటు చేసి, బ్లోఅవుట్ ప్రివెంటర్ (ఎగదన్నితే బావి నోరు మూసేసే వాల్వు) బిగించాకే ముందుకు పోవాలి. "ఇంత పైన ఏముంటుందిలే" అన్న తొందరే కొంప ముంచుతుంది.

ఇప్పుడు నా మనసులో ఉండిపోయిన విషయం. ఒకచోట (దేశం, కంపెనీ పేర్లు చెప్పను) బావి బాగా వేడిగా వచ్చింది. తవ్వడం అయ్యాక అది తిరిగి వేడెక్కడానికి కొన్ని వారాలు వదిలేశాం. తర్వాత తెరిచి పరీక్షించాలి. తెల్లవారుజామున తెరిచారు. సైలెన్సర్ పెట్టినా విమానం నెత్తి మీద ఆగిపోయినట్టు ఉంటుంది ఆ మోత, చెవులకు మఫ్స్ ఉన్నా ఛాతీలో అదురుతుంది. గేటు బయట కొండ వాలు మీద జనం కనిపించారు. పిల్లల్ని ఎత్తుకుని, మేకల్ని వదిలేసి, పైకి పరిగెత్తుతున్నారు. కొండ పగిలిందనుకున్నారు. ఆ రోజు బావి తెరుస్తామని ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పని మాది కాదు ఫలానా వాళ్లదని ప్రతి ఒక్కరూ అన్నారు. నేనూ అన్నాను. ఒక ముసలాయన మళ్లీ కిందికి దిగుతూ జారిపడి మోకాలు చితక్కొట్టుకున్నాడు, మా ఫస్ట్ ఎయిడ్ గదిలోనే కట్టు కట్టారు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆ బావి నాలుగు గంటలు ఊది ఆగిపోయింది. వేడి ఉంది, పగుళ్లు లేవు.

కావ్య

శీను గారూ, అలా ఫెయిలైన బావిని ఏం చేస్తారు? వదిలేసి వెళ్లిపోతారా?

ఇంకొకటి. భూకంపాల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. కొరియాలో పోహాంగ్ దగ్గర 2017లో జియోథర్మల్ వల్లే 5.5 తీవ్రతతో భూమి కంపించిందని ప్రభుత్వ కమిషనే చెప్పింది కదా?

రిగ్ శీను

వదిలేయకూడదు కావ్య గారూ. లోపల సిమెంటు ప్లగ్గులు వేసి, పైన వాల్వు కోసేసి, మూత వెల్డింగ్ చేసి, ఎక్కడుందో గుర్తు పెట్టాలి. కొన్నింటిని లోపలి వేడి, ఒత్తిడి చూడటానికి ఉంచుకుంటారు. కొన్నింటిలోకి నీళ్లు తిరిగి పంపుతారు. డబ్బు అయిపోయిన ప్రాజెక్టులో ఈ పనికే చివర్లో బడ్జెట్ ఉండదు. అందుకని మూసివేతకు కావాల్సిన డబ్బు మొదటి రోజే విడిగా డిపాజిట్ చేయించాలి.

రాతిపొర

పోహాంగ్ అగ్నిపర్వత క్షేత్రం కాదు కావ్య గారూ. పగుళ్లు లేని గట్టి రాతిలో నీళ్లను విపరీతమైన ఒత్తిడితో ఎక్కించి పగలగొట్టబోయారు, పక్కనే ఎవరూ గుర్తించని భ్రంశం (రాతిపొరలు జారే పెద్ద చీలిక) ఉంది. స్విట్జర్లాండ్‌లో బాసెల్ దగ్గర 2006లో 3.4 తీవ్రతతో వచ్చింది కూడా ఆ తరహాదే. మామూలు పరిశోధక బావిలో అంత ఒత్తిడి వాడరు. అయితే అగ్నిపర్వత క్షేత్రాల్లో అసలు రాదనీ చెప్పను. ఐస్‌లాండ్‌లో హెల్లిషెయ్‌డి ప్లాంటు వాడిన నీళ్లను భూమిలోకి పంపడం మొదలుపెట్టాక 2011లో 4కు దగ్గరగా ప్రకంపనలు వచ్చాయి. ఇళ్లలో ఉన్నవాళ్లకు తెలిసింది. తొలి బోరుకు ముందే భూకంప యంత్రాలు పెట్టి, ఆ నేల మామూలుగా ఎంత కదులుతుందో రికార్డు చేసుకోకపోతే, తర్వాత వచ్చింది మన వల్లో కాదో ఎవరూ తేల్చలేరు.

వెంకట్ ఎస్

నాది ప్రాజెక్టులకు అప్పులు పరిశీలించే ఉద్యోగం. మీరందరూ అసలు ముడి దగ్గరికి రాకుండా చుట్టూ తిరుగుతున్నారు. తొలి బోరు డబ్బు ఎవరిది?

ఏ బ్యాంకూ తొలి బోరుకు అప్పు ఇవ్వదు. 59 శాతం అవకాశానికి అప్పివ్వమంటే నా సంతకం కూడా పడదు. అందుకే జియోథర్మల్ నిలబడిన చాలాచోట్ల ఆ దశను ప్రభుత్వం నెత్తిన వేసుకుంది. కెన్యా 2008లో దీనికోసమే ఒక ప్రభుత్వ కంపెనీ పెట్టింది, అది బోర్లు వేసి ఆవిరి చూపించాక ప్రైవేటు వాళ్లు ప్లాంటు కడతారు. ఐస్‌లాండ్‌లో బోరు ఫెయిలైతే అప్పు మాఫీ చేసే నిధి ఉండేది. తూర్పు ఆఫ్రికా దేశాలకు 2012 నుంచి ఒక రిస్కు నిధి ఉంది, బోరు ఖర్చులో కొంత అదే భరిస్తుంది.

అంటే ఫెయిలైన రెండు బోర్ల ఖర్చు ప్రజలది. ఆవిరి పడ్డ మూడు బోర్ల మీద లాభం ఎవరిది అని అడగకుండా అనుమతి గురించి మాట్లాడితే అది సగం చర్చే.

పైగా ఆవిరి పడ్డంత మాత్రాన కరెంటు రాదు. కరేబియన్‌లో మాంట్‌సెరాట్ దీవి ఉంది. 1995 నుంచి సూఫ్రియర్ హిల్స్ కొండ పేలుతూ రాజధాని ప్లిమత్‌నే బూడిదలో కలిపేసింది. అదే దీవిలో 2013లో బ్రిటన్ ఇచ్చిన డబ్బుతో రెండు బోర్లు వేస్తే రెండూ బాగా పడ్డాయి. పదేళ్లు దాటినా ప్లాంటు రాలేదు, ఇంకా డీజిల్ కాలుస్తున్నారు. అయిదు వేల మంది కూడా లేని దీవికి రెండు మూడు మెగావాట్ల ప్లాంటు కట్టే పెట్టుబడి కుదరడమే కష్టం. కెనడాలో మౌంట్ మీగర్ దగ్గర 1970ల నుంచి తవ్వారు. 200 డిగ్రీలకు పైనే వేడి దొరికింది, కానీ ప్రవాహం చాలలేదు, కరెంటు లైనేమో దూరం. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది.

మధుకర్

వెంకట్ గారూ, మాంట్‌సెరాట్‌ను మీరు తవ్వొద్దనడానికి ఉదాహరణగా చెప్పారు, నాకేమో అది తవ్వమనడానికి ఉదాహరణ. డీజిల్ ఓడ రాకపోతే దీపం వెలగని దీవికి నేల కింద ఏముందో తెలియడం చిన్న విషయం కాదు. ప్లాంటు ఆలస్యం కావడం డబ్బు సమస్య. బోరు తన పని తాను చేసింది.

ఫెయిలైన బోరు మొత్తం దండగ అనడం కూడా నాకు నచ్చదు. అమెరికాలో ఒరెగాన్‌లోని న్యూబెరీ అగ్నిపర్వతం దగ్గర మూడు కిలోమీటర్లు తవ్వితే 300 డిగ్రీలకు పైనే వేడి ఉంది, నీళ్లు మాత్రం లేవు. మామూలు లెక్కలో అది ఫెయిల్. ఆ పొడి బావే తర్వాత వేడి రాతిలోకి మనమే నీళ్లు పంపి పగుళ్లు తెరిచే ప్రయోగాలకు ఆధారమైంది. క్రాఫ్లాలో 2009 నాటి బోరు కూడా అనుకున్న లోతు చేరని బోరే. తీరా దాన్ని పరీక్షిస్తే 450 డిగ్రీల ఆవిరి వచ్చింది, ఒక్క బావి నుంచే 30 మెగావాట్లకు పైగా వస్తాయని లెక్క కట్టారు. పై వాల్వులు ఆ వేడికి తట్టుకోలేక 2012లో మూసేయాల్సి వచ్చింది. అది నేర్పింది వంద సర్వేలు నేర్పలేవు.

అయితే శీను గారు రాసింది చదివాక నేను మొదట రాసిన పోస్టులో ఒక లోపం కనిపించింది. ఫెయిలయ్యే అవకాశాన్ని ఒక శాతంగా రాసి ముందుకు పోయాను. ఆ నాలుగు గంటల కోసం కొండెక్కి పరిగెత్తినవాళ్లు ఏ శాతంలోనూ లేరు.

పద్మజ

శీనూ, ఆ ముసలాయన సంగతి రాసినందుకు థాంక్స్ తమ్ముడూ. రాయడం తేలిక కాదు.

గుమ్మం దగ్గర నిలబడ్డానన్నాను కదా, ఒక మెట్టు దిగుతాను. కొన్ని షరతులు చట్టంలో ఉంటే తొలి బోరుకు నేను అడ్డు చెప్పను. చుట్టుపక్కల ప్రతి బుగ్గ, బావి, వాగు నీళ్ల లెక్క బోరుకు ఒక ఏడాది ముందు నుంచే తీసి ఊళ్లో బోర్డు మీద రాయాలి. బోరులో ఏమి దొరికినా, దొరక్కపోయినా ఆ వివరాలు బయటపెట్టాలి, కంపెనీ బీరువాలో ఉండకూడదు. శీను చెప్పినట్టు మూసివేత డబ్బు ముందే డిపాజిట్ కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, తొలి బోరు అనుమతి తొలి బోరుకే. ఆవిరి పడ్డా సరే, అక్కడితో ఆగి, మళ్లీ మొదటినుంచి ఊరిని అడగాలి. ఊరు వద్దంటే ఆగిపోవాలి. ఖర్చు పెట్టాం కదా అన్న మాట అప్పుడు రాకూడదు.

వెంకట్ ఎస్

చివరి షరతు పెడితే ఒక్క రూపాయి, ఒక్క డాలరు ప్రైవేటు పెట్టుబడి రాదు. ఆవిరి పడ్డాక కూడా ఆపేయవచ్చంటే ఎవరు పెడతారు?

పద్మజ

ఆ దశ ఖర్చు ఎలాగూ ప్రజల డబ్బే అని మీరే అన్నారు. ప్రజల డబ్బుతో అడిగిన ప్రశ్నకు వద్దని చెప్పే హక్కు కూడా ప్రజలకే ఉండాలి కదండీ.

మధుకర్

మొదటి మూడు షరతులకు నా పూర్తి మద్దతు. నాలుగోది ఒప్పుకోలేకపోతున్నాను. మళ్లీ అడగాలి, నిజమే. తప్పు చూపిస్తే సరిదిద్దాలి, బావి స్థలం మార్చాలి, లాభంలో వాటా ఇవ్వాలి. కానీ ఆ కరెంటు ఆ ఒక్క ఊరికే కాదు కదా. మొత్తం దీవికో, దేశానికో డీజిల్ మాన్పించే ఆవిరి చేతికందాక ఒక్క ఊరి మాటతో మూసేయడం నాకు న్యాయంగా తోచడం లేదు.

పద్మజ

నష్టపోయేది మాత్రం ఆ ఒక్క ఊరే. ఇక్కడ మనిద్దరికీ కుదరదు మధుకర్ గారూ.

రాతిపొర

అనుమతి గొడవలో నేను దిగను. సాంకేతికంగా రెండు మాటలు కలుపుతాను.

నీళ్ల లెక్కకు ఒక్క ఏడాది చాలదు. వేడినీటి బుగ్గలు వానలను బట్టి, చిన్న ప్రకంపనలను బట్టి వాటంతటవే మారుతుంటాయి. ఒకే ఏడాది తీస్తే కరువు ఏడాదే ఆధారం అయిపోవచ్చు. కనీసం రెండు వానాకాలాలు చూడాలి, ఉష్ణోగ్రత, ప్రవాహం, క్లోరైడ్, ఆర్సెనిక్ నాలుగూ కొలవాలి.

రెండోది, తొలి బోరు పెద్దదిగా ఉండాల్సిన పని లేదు. స్లిమ్ హోల్ అని జానెడు కంటే సన్నగా తవ్వవచ్చు. ప్యాడ్ చిన్నది, నీళ్లు తక్కువ, ఖర్చు తక్కువ, రాయి పొడిగా కాకుండా నిలువు కడ్డీల్లా చేతికి వస్తుంది. దాంతో ప్రవాహం ఎంతో గట్టిగా చెప్పలేం కానీ, వేడి నిజంగా ఉందా, లేక నేను పొరబడినట్టు పాత గుర్తేనా అన్నది తేలిపోతుంది. పద్మజ గారు అడిగే ఆగే చోటు కూడా అక్కడ సహజంగా వస్తుంది. అప్పటికి పెద్ద రోడ్డు పడి ఉండదు, కోట్లు దిగి ఉండవు.

వెంకట్ ఎస్

స్లిమ్ హోల్ దాకా అయితే మొత్తం ప్రభుత్వమే పెట్టుకుని, ఆ తర్వాత ఊరిని అడగడం కుదిరే పనే. ఆ లెక్క వేసి చూస్తాను.

రిగ్ శీను

స్లిమ్ హోల్‌లోనూ ఆవిరి తన్నుకు రావచ్చు. సన్నది కదా అని ప్రివెంటర్ లేకుండా దిగనివ్వకండి.

ఊళ్లో సైరన్ ఒక్కటే పెడితే సరిపోదు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే బరువు, పల్లంలో నిలబడుతుంది. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. మాకు ఛాతీ మీద మోగే మీటరు ఉంటుంది, ఊరివాళ్లకు ఉండదు. కాబట్టి గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం రిగ్గు మీదే కాకుండా ఊరి మధ్యలో కూడా కట్టాలి. సైరన్ మోగితే ముందు దాన్ని చూసి, గాలికి అడ్డంగా, మెట్టకు పరిగెత్తాలని పిల్లలతో సహా అందరికీ నేర్పాలి. వాగులోకి దిగకూడదు. బోరు మొదలవకముందే ఒకసారి, బావి తెరిచే ముందు ఇంకోసారి అందరితో పరిగెత్తించి చూడాలి.